ఇండోనేసియన్ నేర్చుకోవాలంటే ముందు ఇంగ్లీషు పక్కన పెట్టండి

పిల్లల బడిలో రెండో భాషగా ఇండోనేసియన్ పెట్టారని తెలియగానే మెల్‌బోర్న్‌లోని టార్నీట్ మొదలు సిడ్నీలోని వెంట్‌వర్త్‌విల్ దాకా మన తెలుగు ఇళ్లల్లో ఒకే రకం సలహాలు వినిపిస్తాయి. "ప్రైమరీయే కదండీ, పట్టించుకోకండి, హైస్కూల్లో ఫ్రెంచికో మాండరిన్‌కో మార్చేద్దురుగాని" అని ఒకరంటారు. "అందులో సగం సంస్కృతమేనట, వారంలో వచ్చేస్తుంది" అని ఇంకొకరు. ఇంగ్లీషులో మంచి గ్రామరు పుస్తకం కొని మొదటి పేజీ నుంచి పట్టుకోమని ఒక పెద్దమనిషి చెబుతాడు. బాలికి ఒక ట్రిప్పు వేసొస్తే అదే వస్తుందని నాలుగో మనిషి. నలుగురూ మన మంచి కోరే చెబుతారు. నలుగురి మాటా వినొద్దని నా సలహా. నా పద్ధతి చాలామందికి తలకిందులుగా కనిపిస్తుందని తెలుసు. అయినా తెలుగు నోటితో ఈ భాష మొదలుపెట్టేవాళ్లకు ఇదే దగ్గర దారి అని గట్టిగా నమ్మి చెబుతున్నాను.

ముందుగా, ఇంగ్లీషు మీదుగా వెళ్లకండి. ఆస్ట్రేలియాలో దొరికే ఇండోనేసియన్ పుస్తకాలు, క్లాసులు, యాప్‌లు దాదాపు అన్నీ ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవే. వాళ్లకు కష్టమైన చోట పేజీలకు పేజీలు వివరణ ఉంటుంది. ఆ కష్టాల్లో చాలావాటితో మనకు పనే లేదు. 'కిత', 'కమి' అనే రెండు మాటలు చూడండి. ఎదుటివారిని కూడా కలుపుకుని చెబితే కిత, వారిని వదిలేసి చెబితే కమి. అంటే మనం, మేము. పాఠం అయిపోయింది. నాలుగేళ్ల తెలుగు పిల్లవాడు 'మనం వెళ్దాం', 'మేము వెళ్తాం' తేడా తెలిసే మాట్లాడతాడు. అదే పిల్లవాడు బడిలో ఇంగ్లీషు 'వి' మీదుగా వెళ్లి, కిత ఎక్కడో కమి ఎక్కడో తెలియక తికమకపడి ఇంటికొస్తాడు. వాడికి సాయంత్రం కూర్చోబెట్టి "మనం, మేము" అని రెండు మాటలు చెప్పండి, చాలు.

కాదు, లేదుల సంగతీ అంతే. ఇంగ్లీషుకు ఉన్నది ఒక్క 'నాట్'. ఇండోనేసియన్‌కు 'బుకన్', 'తిదక్' అని రెండు. 'నేను డాక్టర్ని కాదు' అన్నచోట బుకన్. 'నాకు తెలియదు', 'నేను వెళ్లను' లాంటి చోట్ల తిదక్. 'డబ్బు లేదు' అనాలంటే తిదక్‌కు 'అద' చేర్చి 'తిదక్ అద' అంటారు. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. 'ఈ ఇల్లు పెద్దది కాదు' అని మనం కాదు వాడినా, గుణం చెప్పే మాట ముందు వాళ్లు తిదకే వాడతారు. ఇక మూడోది 'బెలుమ్', అంటే 'ఇంకా లేదు'. "పెళ్లయిందా?" అని అడిగితే మన అబ్బాయిలు "ఇంకా లేదండీ" అంటారు గానీ "లేదు" అని తెగేసి చెప్పరు. ఇండోనేసియాలోనూ సరిగ్గా అంతే, బెలుమ్ అనాలి. "సుదా మకన్?" అంటే "భోంచేశారా?" అని. పలకరింపుగానే అడుగుతారు, మన ఊళ్లలో అడిగినట్టే. ఇవన్నీ తెలుగులో ఆలోచిస్తే చటుక్కున వచ్చేవి. ఇంగ్లీషులో ఆలోచిస్తే బట్టీ పట్టాల్సినవి.

రెండో సలహా టీచర్లకు అస్సలు నచ్చదు. నోట్సు తెలుగు లిపిలో రాసుకోండి. ఇండోనేసియన్‌ను రోమన్ అక్షరాల్లోనే రాస్తారు గనుక మనకు వచ్చిన లిపే కదా అనిపిస్తుంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. రోమన్ అక్షరం కంటబడగానే మన నోరు ఇంగ్లీషు ఉచ్చారణకు వెళ్లిపోతుంది. ఇండోనేసియన్‌లో 'త' మన త లాగే పళ్లకు తగులుతుంది, ఇంగ్లీషు 'ట' కాదు. క, త, పలను ఇంగ్లీషువాళ్లలా గాలి వదులుతూ పలకకూడదు. మన తాతలు మనకు నేర్పిన క, త, పలే సరిపోతాయి. ఇంకా ముఖ్యమైనవి ఙ, ఞ. ఒకటో తరగతి వర్ణమాలలో దిద్ది, ఆ తర్వాత జీవితంలో విడిగా ఎక్కడా వాడకుండా వదిలేసిన ఈ రెండక్షరాలూ అక్కడ రోజూ కావాలి. పువ్వు 'బుఙ', అడగడం 'తఞ', దోమ 'ఞముక్'. రోమన్‌లో రెండేసి అక్షరాలు పెట్టి రాసే ఈ ధ్వనులకు మన దగ్గర ఒక్కో అక్షరం ఎప్పటినుంచో ఉంది.

తెలుగు లిపితో వచ్చే లోట్లు రెండున్నాయి, అవీ చెబుతాను. రోమన్‌లో ఒకే అక్షరంతో రాసే 'ఎ'కు అక్కడ రెండు పలుకులు. 'మెజ' అంటే బల్ల, ఇందులోది మన ఎ లాంటిదే. 'బెసర్' అంటే పెద్ద, ఇందులోది నోరు సగమే తెరిచి పలికే అస్పష్టమైన అచ్చు. రోజువారీ రాతలో ఈ తేడా కనబడదు. నోట్సులో రెండో రకానికి మీద ఒక చుక్క పెట్టుకోండి. ఇంకోటి మన అజంత భాష అలవాటు. హల్లుతో ఆగే మాటకు చివర ఒక 'ఉ' తగిలించకపోతే మన నోటికి తోచదు. మకన్ కాస్తా 'మకనూ' అవుతుంది. ఆ చివరి పొల్లును పొల్లుగానే ఉంచండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఈ భాషలో క్రియలకు కాలాన్ని బట్టి, మనిషిని బట్టి రూపాలు మారవు. తిన్నాను, తింటాడు, తింటారు అన్నిటికీ ఒకటే మకన్. అయిపోయిందనడానికి 'సుదా', జరగబోతుందనడానికి 'అకన్' అని ముందొక మాట పెడితే సరి. దీన్ని చూసి వ్యాకరణమే లేని భాష అని ప్రచారం చేస్తారు. ఆ మాట నమ్మినవాళ్లు మూడో నెలలో 'మె' అనే ఉపసర్గ దగ్గర ఆగిపోతారు. రాయడం అనే ధాతువు 'తులిస్', వాక్యంలోకి వచ్చేసరికి 'మెనులిస్'. పంపడం 'కిరిమ్', వాక్యంలో 'మెఙిరిమ్'. కొట్టడం 'పుకుల్', 'మెముకుల్'. ఊడవడం 'సపు', 'మెఞపు'. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి పెద్ద పట్టిక ఇచ్చి కంఠస్థం చెయ్యమంటాయి.

మీరు ఆ పట్టిక ముట్టుకోకండి. కఖగఘఙ, చఛజఝఞ, టఠడఢణ, తథదధన, పఫబభమ అని ఒక్కసారి పైకి చదవండి. ధాతువు మొదట్లో క ఉంటే అది పోయి ఆ వర్గం చివరి అక్షరం ఙ వచ్చింది. త పోయి న వచ్చింది. ప పోయి మ వచ్చింది. స ఒక్కటే చ వర్గంలో చేరి ఞ అయింది. గ, ద, బలతో మొదలైతే అవి పోవు, వాటి వర్గపు అనునాసికం ముందొచ్చి చేరుతుంది. చదవడం 'బచ', 'మెంబచ'. వినడం 'దెఙర్', 'మెందెఙర్'. మార్చడం 'గంతి', 'మెఙ్గంతి'. ముఖ్యమైన సూత్రం ఇంతే. గసడదవాదేశ సంధి చదివిన తెలుగువాళ్లకు, మాట మొదట్లో ఉన్న పరుషం పక్కమాట తగిలితే మారిపోవడం కొత్త కాదు. అక్కడ గసడదవల్లో ఒకటవుతుంది, ఇక్కడ అనునాసికమవుతుంది. మన అక్షరమాలను ఉచ్చారణ స్థానాల ప్రకారం పేర్చిన పూర్వులు ఇండోనేసియన్ వ్యాకరణంలో ఒక అధ్యాయం మనకు ముందే చెప్పిపెట్టారని నేను అనుకుంటాను.

ఈ సూత్రం రాకుండా నిఘంటువు తెరవకండి. ఇండోనేసియన్ నిఘంటువుల్లో చాలావరకు మాటలు ధాతువు కిందే ఉంటాయి. మెనులిస్ అర్థం కావాలంటే 'మ' దగ్గర వెతికి లాభం లేదు, 'త' దగ్గరికి వెళ్లాలి. ఈ ముడి విప్పడం వచ్చాక, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చాలాకాలం పాఠాలు చెప్పిన జార్జ్ క్విన్ కూర్చిన 'ద లెర్నర్స్ డిక్షనరీ ఆఫ్ టుడేస్ ఇండోనేసియన్' కొనుక్కోండి. గ్రిఫిత్ యూనివర్సిటీలో పనిచేసిన జేమ్స్ స్నెడన్ రాసిన పెద్ద వ్యాకరణం గొప్ప పుస్తకమే, కానీ అది రెండో సంవత్సరంలో.

సంస్కృతం వచ్చు గనుక తేలిక అనే మాటను మొదటి ఆరు నెలలూ దగ్గరికి రానివ్వకండి. నగర నుంచి వచ్చిన 'నెగర' అక్కడ దేశం. 'దోస' అంటే పాపం. 'సెఙ్సర' అంటే బాధ. 'ప్రియ' అంటే మగవాడు, 'సుఅమి' అంటే భర్త, 'హర్గ' అంటే ధర, 'బహయ' అంటే ప్రమాదం. చుట్టరికం ఉన్నది నిజం, అర్థాలు మాత్రం చాలా దూరం ప్రయాణం చేశాయి. హైదరాబాదు తెలుగువాళ్లకు అరబ్బీ వైపు నుంచి కూడా చుట్టాలు తగులుతారు. ఖబర్ అక్కడ 'కబర్', జవాబు 'జవబ్', ఆఖరు 'అఖిర్', దునియా 'దునియ'. ఇవన్నీ పత్రికలు చదివే దశలో మేలు చేస్తాయి. మొదట్లో మీకు కావలసినవి తినడం, తాగడం, రావడం, పోవడం, కావాలి, వద్దు. మకన్, మినుమ్, దతఙ్, పెర్గి, మౌ, జఙన్. వీటిలో సంస్కృతం ఒక్కటీ లేదు. మలయ్ నేలలో మొలిచిన ఈ మాటల మీదే భాష నడుస్తుంది.

'నువ్వు', 'మీరు' అనే మాటలు నేర్చుకోవద్దని కూడా చెబుతున్నాను. పాఠ్యపుస్తకంలో 'అంద' అని ఉంటుంది. అది ప్రకటనలకు, దరఖాస్తు ఫారాలకు సరిపోతుంది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ముక్తసరిగా వినిపిస్తుంది. పెద్దవాడైతే 'పాక్', పెద్దావిడైతే 'బు', కాస్త పెద్దవాళ్లైతే అన్నకూ అక్కకూ కలిపి 'కకక్', చిన్నవాళ్లైతే 'అదిక్'. "మీరు ఎక్కడికి వెళ్తున్నారు?" అనడానికి "పాక్ ఎక్కడికి వెళ్తున్నారు?" అన్నట్టే అడుగుతారు. ముక్కూ మొహం తెలియని మనిషిని బాబాయ్ అనో అమ్మా అనో పిలవడం అలవాటున్న మనకు ఇది నేర్పాల్సిన పని లేదు. ఆస్ట్రేలియాలో బాస్‌ను పేరు పెట్టి పిలిచీ పిలిచీ ఆ అలవాటు పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ తెచ్చుకోవాలి.

తెలుగు మనల్ని తప్పుదోవ పట్టించే చోట్లూ ఉన్నాయి. మనం క్రియను వాక్యం చివర పెడతాం, వాళ్లు మధ్యలో పెడతారు. మనం పెద్ద ఇల్లు అంటే వాళ్లు 'రుమా బెసర్', ఇల్లు ముందు, పెద్ద తర్వాత. అంకెల్లో 'రిబు' వెయ్యి, దాని మీద మెట్టు 'జుత', అంటే పది లక్షలు. లక్షకు విడిగా పేరు లేదు, నూరు వేలు అనాలి. పది జుతలు కోటి అని గుర్తుంచుకుంటే రూపాయల లెక్క తప్పదు. అన్నట్టు, వాళ్ల డబ్బు పేరు కూడా రూపియానే.

మొదటి వాచకంగా యాప్ వద్దు. ఇండోనేసియన్ విద్యార్థులు ఎక్కువగా ఉండే మెల్‌బోర్న్ క్లేటన్‌లోనో సిడ్నీ కింగ్స్‌ఫర్డ్‌లోనో ఒక ఏషియన్ కిరాణా కొట్టుకు వెళ్లి, తియ్యటి సోయా సాస్, 'కెచప్ మనిస్', ఒక సీసా కొనండి. వెనక ఇంగ్లీషు స్టిక్కరు అతికించి ఉంటే పక్కన ఉన్న అసలు రాత చూడండి. "సింపన్ ది తెంపత్ యఙ్ సెజుక్ దన్ కెరిఙ్" లాంటి వాక్యం కనబడుతుంది. సింపన్ దాచు, ది లో, తెంపత్ చోటు, సెజుక్ చల్లని, దన్ మరియు, కెరిఙ్ పొడి. చల్లగా పొడిగా ఉన్నచోట దాచమని అర్థం. చోటు ముందొచ్చి, దాని గుణాలు 'యఙ్' పట్టుకుని వెనక వచ్చాయి చూడండి. గడువు తేదీ దగ్గర "బాయిక్ దిగునకన్ సెబెలుమ్" అని ఉంటుంది. బాయిక్ మంచిది, సెబెలుమ్ లోపు. నడిమి మాటను విప్పండి. లోపల 'గున' ఉంది, ఉపయోగం అని అర్థం. ముందు 'ది', వెనక 'కన్' చేరితే ఉపయోగింపబడు. తెలుగులో ఈ 'బడు' ప్రయోగం చెవికి కటువు, మంచి రచయితలు దాన్ని తప్పించుకుంటారు. ఇండోనేసియన్‌లో 'ది' రోజువారీ మాట, పైగా మర్యాద. చేసినవాణ్ణి ముందుకు తోయకుండా జరిగిన పని చెప్పడం అక్కడ పద్ధతి. ఆ సీసా వంటింట్లో ఉన్నన్నాళ్లూ ఈ రెండు వాక్యాలూ మీ కళ్ల ముందుంటాయి. అవి పూర్తిగా అరిగాక ఇంకో పొట్లం, అందులో ఇంకో రెండు వాక్యాలు.

బాలి ట్రిప్పు సంగతి. సెలవులకు వెళ్లండి, భాష కోసం వెళ్లకండి. అక్కడి జనం ఇళ్లల్లో మాట్లాడేది బాలినీస్. ఆస్ట్రేలియన్లు తిరిగే కూట, సెమిన్యాక్ వీధుల్లో మీరు నోరు తెరిచేలోపే ఇంగ్లీషులో జవాబు వస్తుంది. దానికంటే మీ వీధిలోనో, పనిచేసేచోటో ఉన్న ఇండోనేసియన్ కుటుంబంతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడడం మేలు. తప్పులొస్తాయని వెనకాడొద్దు. 27 కోట్లకు పైగా జనం ఉన్న ఆ దేశంలో ఏడు వందలకు పైగా భాషలున్నాయి. ఎక్కువమందికి ఇండోనేసియన్ ఇంటి భాష కాదు, బడిలోనో బజారులోనో నేర్చుకున్నది. 1928 అక్టోబరు 28న యువజన ప్రతిజ్ఞ చేసినవాళ్లు, జనం ఎక్కువగా మాట్లాడే జావనీస్‌ను కాదని, రేవు పట్టణాల్లో అందరికీ అందుబాటులో ఉన్న మలయ్‌నే జాతి భాషగా ఎంచుకున్నారు. అందరూ నేర్చుకుని మాట్లాడే భాష గనుక, నేర్చుకుంటున్నవాడి తడబాటును వాళ్లు ఓర్పుగా వింటారు.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. పుస్తకంలో తిదక్ అని చదివి వెళ్తే జకార్తా కుర్రాళ్లు 'ఙ్గక్' అంటారు. సుదా 'ఉదా' అవుతుంది. గ్రాంథికం, వ్యావహారికం తగాదా చూసిన భాష మనది, కంగారు పడక్కర్లేదు. వినడానికి ఎస్‌బీఎస్ రేడియోలో ఇండోనేసియన్ కార్యక్రమం ఉంది. తెలుగు కార్యక్రమం వినేవాళ్లు పక్కనే ఉన్న దీన్నీ పెట్టుకోవచ్చు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ దేశంలో ఈ భాష చేజారిపోతోంది. డార్విన్ నుంచి కాన్‌బెరా కంటే జకార్తా దగ్గర. ఇంగ్లీషువాళ్లు రాకముందే సులవేసిలోని మకస్సర్ నావికులు సముద్ర దోసకాయల కోసం ఆర్నెమ్ ల్యాండ్ తీరానికి ఏటా వచ్చేవారు. డబ్బుకు 'రుపియ', తెల్లవాడికి 'బలంద' అనే మాటలు ఆ తీరపు ఆదివాసులైన యోల్ఙు ప్రజల భాషల్లో ఈనాటికీ ఉన్నాయి. ఆ తీరాన్ని అప్పట్లో పాలించిన దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం 1906లో లైసెన్సులు ఆపేశాక ఆ రాకపోకలు ముగిశాయి. 1950ల మధ్యలో సిడ్నీ, మెల్‌బోర్న్, కాన్‌బెరాల్లో విశ్వవిద్యాలయ స్థాయిలో ఇండోనేసియన్ చెప్పడం మొదలైంది. 1995లో జపనీస్, చైనీస్, కొరియన్‌లతో పాటు దీన్ని కూడా బడుల్లో పెంచడానికి కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. 2002తో ఆ డబ్బు ఆగింది. అదే ఏడాది అక్టోబరు 12న బాలి బాంబు దాడుల్లో 202 మంది చనిపోయారు, వారిలో 88 మంది ఆస్ట్రేలియన్లు. ప్రయాణ హెచ్చరికలు వచ్చాయి, బడుల ట్రిప్పులు ఆగాయి, తల్లిదండ్రులు వెనక్కి తగ్గారు. పక్కింటి భాష నేర్చుకునే పిల్లలు పన్నెండో తరగతికి వచ్చేసరికి చాలా తక్కువమంది మిగులుతున్నారు.

2021 జనగణన నాటికే ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేలు దాటారు. పర్మనెంట్ రెసిడెన్సీ లెక్కలో ఐదు పాయింట్ల కోసం అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటీ వారి సీసీఎల్ భాషా పరీక్షకు తెలుగు తిరగేసినవాళ్లు మనలో ఎందరో. భాషకు విలువ ఉందని మనకు తెలుసు. విక్టోరియాలో పన్నెండో తరగతి వీసీఈ లెక్కల్లో భాషల మార్కులను పైకి సర్దుతారన్నదీ నిజమే, కానీ ఆ లెక్క ఒక్కటే చూసి పిల్లల్ని ఇందులోకి తోయకండి. ముందు మీరు కూర్చుని కిత, కమి చెప్పండి, వర్గాక్షరాలు కలిసి చదవండి. బడిలో ఈ భాష లేకపోతే విక్టోరియన్ స్కూల్ ఆఫ్ లాంగ్వేజెస్‌లో ఉంది. పై తరగతుల్లో చేరేవాళ్లు చాలినంత మంది లేకపోతే ఆ క్లాసు నడవదు. వచ్చే ఏడాదికి సబ్జెక్టులు ఎంచుకునే ఫారం ఇంటికొచ్చినప్పుడు, ఇరుగుపొరుగు ఏమంటారో అడగకుండా ఇండోనేసియన్ ఎదురుగా టిక్కు పెట్టండి.